ముందు చక్రం విప్పి చూడండి

సొంత కారున్నవాళ్లు ముందు చక్రాల బ్రేకు ప్యాడ్లను ఇంటి దగ్గరే మార్చుకోవచ్చా? అది తెలివైన పనా, ప్రాణాలతో చెలగాటమా? ఈ రోజు దీని గురించి మాట్లాడుకుందాం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మార్చుకోవచ్చు. మార్చుకునేంత పని నేర్చుకోవాలి కూడా. డబ్బు మిగులుతుందని ఈ మాట అనడం లేదు. కారణం వేరే ఉంది. మన దేశంలో ఆటో, లారీ, బస్సు లాంటి రవాణా వాహనాలకు ఫిట్‌నెస్ పరీక్ష ఉంటుంది. బండి కొత్తదైతే రెండేళ్లకోసారి, ఎనిమిదేళ్లు దాటితే ఏటేటా ఆ పరీక్షకు పెట్టాలి. సొంత వాడకానికి కొన్న కారుకు అలాంటిదేమీ లేదు. రిజిస్ట్రేషన్ అయిన నాటి నుంచి 15 ఏళ్ల దాకా దాని బ్రేకులు ఎలా ఉన్నాయని అడిగే పరీక్ష ఒక్కటీ లేదు. ఇక 1988 నాటి మోటారు వాహనాల చట్టం 190వ సెక్షన్ ఏమంటుందో చూడండి. లోపమున్న బండిని రోడ్డెక్కిస్తే తప్పే. ఆ లోపం తనకు తెలియదన్నంత మాత్రాన యజమాని బయటపడలేడు. మామూలు జాగ్రత్తతో చూస్తే కనిపించే లోపమైతే తెలిసినట్టే లెక్క. అంటే పరీక్షించే అధికారి లేడు, బాధ్యత మాత్రం మొత్తం మనదే. ఆ మామూలు జాగ్రత్త ఎంత దూరం వెళ్లాలన్నదే నా ప్రశ్న. చక్రం విప్పి ప్యాడ్లను కళ్లతో చూసేదాకా వెళ్లాలన్నది నా జవాబు.

ఈ మాట ఖిలా వరంగల్‌లో వింటున్నవారికి మరింత దగ్గరగా తగులుతుంది. మట్టికోట, దాని లోపల కందకం, ఆ తర్వాత రాతికోట. వీటి మధ్యనే ఊరుంది, ఇళ్లున్నాయి, పొలాలున్నాయి, బడికి పోయే పిల్లలున్నారు. గణపతిదేవుడు, రుద్రమదేవి కాలంలో లేచిన ఆ రాతిగోడ ద్వారాల్లో దారి నేరుగా లోపలికి పోదు. లోపలికి అడుగుపెట్టగానే వంపు తిరుగుతుంది. దూసుకొచ్చే శత్రు సైన్యం ఊపు అక్కడ తెగిపోవాలన్నది అప్పటి ఆలోచన. ఇప్పటికీ వాహనాలు ఆ దారుల్లోంచే వస్తూపోతూ ఉన్నాయి. ప్రతి వంపు దగ్గరా బ్రేకు తొక్కాల్సిందే. వంపు అవతల ఆటో ఉందో, గేదెల మంద ఉందో, కీర్తి తోరణాలు చూడ్డానికి వచ్చిన పర్యాటకులు ఉన్నారో గోడ అడ్డం వల్ల కనిపించదు. తూర్పుకోట నుంచి మధ్యకోట మీదుగా పడమరకోటకు, అక్కడి నుంచి శివనగర్ దాటి స్టేషన్ వైపుకు రోజూ తిరిగే కారు, హైదరాబాదు హైవే మీద తిరిగే కారుతో పోలిస్తే కిలోమీటర్లు తక్కువే నడుస్తుంది గాని, బ్రేకులు చాలా ఎక్కువసార్లు పడతాయి. అందుకే ఇన్ని వేల కిలోమీటర్లకు ప్యాడ్లు మార్చాలని ఒక అంకె పట్టుకుని కూర్చోవడం మన దగ్గర పనికిరాదు. ఇక్కడి నుంచి హైదరాబాదు దాదాపు 145 కిలోమీటర్లు. ఆ దూరమంతా పోయినా తొక్కనన్ని బ్రేకులు కోట చుట్టుపక్కల వారం రోజుల తిరుగుళ్లలో తొక్కుతాం. పైగా ఎర్రనేలల సన్నటి ఇసుక దుమ్ము డిస్కుకు, ప్యాడుకు మధ్య చేరి రెండింటినీ అరగదీస్తుంది.

బ్రేకు చేసే పని ఎంతటిదో లెక్క వేసి చూద్దాం. వెయ్యి కిలోల కారు గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతోందనుకోండి. దాన్ని పూర్తిగా ఆపాలంటే దాదాపు 1,39,000 జౌళ్ల శక్తిని వేడిగా మార్చాలి. అర లీటరుకు కాస్త తక్కువ నీళ్లను మామూలు ఎండాకాలపు వేడి నుంచి మరిగే దాకా తీసుకుపోయేంత వేడి అది. పొయ్యి మీద ఆ పనికి నిమిషాలు పడుతుంది. బ్రేకు దాన్ని కొన్ని క్షణాల్లో చేస్తుంది. వేగం 60 నుంచి 80కి పెరిగితే ఆ వేడి ఒకటిన్నర రెట్లు దాటి, రెండు రెట్లకు దగ్గర పడుతుంది. బ్రేకు తొక్కినప్పుడు బండి బరువు ముందుకు ఒరుగుతుంది కాబట్టి ఈ భారంలో మూడింట రెండు వంతులు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ, ముందు చక్రాలే మోస్తాయి. మన రోడ్ల మీది చిన్న కార్లలో చాలావాటికి ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు ఉండడానికి కారణమిదే. ఇంత పనినీ మోసేది ఇనుప పలక మీద అంటించిన ఒక పదార్థపు పొర. కొత్తగా ఉన్నప్పుడు దాని మందం సుమారు పది మిల్లీమీటర్లు. మూడు మిల్లీమీటర్లకు వచ్చిందంటే మార్చే ఏర్పాట్లు చూసుకోవాలి. కచ్చితంగా ఎంతకు మార్చాలో మీ కారు మాన్యువల్‌లో ఉంటుంది.

అరిగితే శబ్దం వస్తుంది కదా, అప్పుడు చూసుకుందాం అనేవారు చాలామంది. ప్యాడుకు ఒక రేకు ముక్క బిగించి ఉంటుందన్నది నిజమే. పొర అరిగాక అది డిస్కుకు తగిలి కీచుమంటుంది. కానీ చాలా కార్లలో ఆ రేకు చక్రానికి ఒక్క ప్యాడుకే ఉంటుంది. చవక రకాల్లో అసలు ఉండకపోవచ్చు. అద్దాలు మూసి, ఏసీ వేసి, పాటలు పెట్టుకున్న కారులో ఆ కీచు వినిపించడమూ అంతంతమాత్రమే. ఇంకొందరు చక్రం చువ్వల సందులోంచి తొంగిచూసి, ప్యాడు మందంగానే ఉందని నిశ్చింతగా ఉంటారు. వాళ్లకు కనిపించేది బయటి ప్యాడు. లోపలి ప్యాడు కనిపించదు. ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగాన్ని కాలిపర్ అంటారు. మన కార్లలో ఎక్కువగా ఉండే రకంలో పిస్టన్ లోపలి వైపునే ఉంటుంది. అది ముందుగా లోపలి ప్యాడును డిస్కుకు నొక్కుతుంది. ఆ తర్వాత కాలిపర్ మొత్తం రెండు పిన్నుల మీద జారి బయటి ప్యాడును లాక్కొస్తుంది. ఆ పిన్నులు తుప్పుపట్టి బిగుసుకుంటే భారమంతా లోపలి ప్యాడు మీదే పడుతుంది. బయటి ప్యాడు కొత్తదానిలా మెరుస్తూ ఉంటుంది, లోపలిది ఇనుము దాకా అరిగిపోతుంది. వరంగల్ కాలనీలు 2020 ఆగస్టులో, మళ్లీ 2023 జూలైలో నీట మునిగాయి. అలాంటి నీళ్లలో నానిన కార్లలో, వానాకాలం గుంటల్లో దిగి లేచే కార్లలో ఈ పిన్నుల సంగతి తప్పకుండా చూడాలి.

మూడో గుర్తు ఒకటుంది, దాన్ని మనమే చెరిపేస్తుంటాం. ప్యాడ్లు అరిగేకొద్దీ పిస్టన్ బయటికి జరుగుతుంది, ఆ ఖాళీలోకి బ్రేక్ ఆయిల్ దిగుతుంది, బానెట్ కింది డబ్బాలో మట్టం తగ్గుతుంది. ఎక్కడా కారకుండా మట్టం మెల్లగా తగ్గుతోందంటే ప్యాడ్లు అరుగుతున్నాయన్న మాట. సర్వీసింగ్‌లో ఎవరో ఒకరు ఆ డబ్బాను నిండుగా పోసేస్తారు. మంచి చేశామనే అనుకుంటారు, కానీ అక్కడితో ఆ గుర్తు మాసిపోతుంది. కాబట్టి చెవి, దూరపు చూపు, నూనె మట్టం మూడూ కొంతవరకే పనికొస్తాయి. చక్రం విప్పితేనే నిజం తెలుస్తుంది. చక్రం విప్పి లోపలికి చూడగలిగిన మనిషి పనిలో సగం అప్పటికే చేసేశాడు. మిగతా సగం రెండు బోల్టుల దూరంలో ఉంది.

ఇక అసలైన అభ్యంతరానికి వద్దాం. బ్రేకు ప్రాణాలతో ముడిపడిన భాగం. ఐటీఐలో మోటారు మెకానిక్ ట్రేడు రెండేళ్ల చదువు. అది చదవనివాడు దీనిలో వేలు పెట్టవచ్చా? ఈ ప్రశ్నను తేలిగ్గా తీసిపారేయడానికి వీల్లేదు. పొరపాటు జరిగితే పోయేది మన ప్రాణమొక్కటే కాదు, ఎదుటివాడిది కూడా. అయితే ప్రమాదం ఉందా లేదా అని అడగడం కన్నా అది ఎక్కడెక్కడ ఉందని అడిగితే తోవ దొరుకుతుంది. ముందు ప్యాడ్లు మార్చే పనిలో నూనె గొట్టం విప్పే అవసరమే రాదు. గొట్టం విప్పకపోతే బ్రేకు లైనులోకి గాలి చేరదు, గాలి తీసే పనీ ఉండదు. రెండేళ్ల చదువులో ఇంజిన్, గేర్లు, కరెంటు, ఇంకా ఎన్నో ఉంటాయి. వాటన్నిటితో పోలిస్తే ఈ పని చాలా చిన్న ముక్క. ఆ ముక్కలో ప్రమాదం మూడు చోట్ల పొంచి ఉంటుంది: బండిని పైకి లేపి నిలబెట్టే చోట, కాలిపర్‌ను తిరిగి బిగించే చోట, మొదటిసారి పెడల్ తొక్కే చోట. ఈ మూడూ గొప్ప నైపుణ్యం అడిగేవి కావు. తొందరపడని మనసు, పనికి సరిపడా సమయం ఉంటే చాలు. ఆదివారం పొద్దున ఇంటి ముందు కూర్చున్నవాడికి ఆ సమయం ఉంటుంది. సాయంత్రంలోగా పది బండ్లు అప్పజెప్పాల్సిన షెడ్డు కుర్రాడికి అది దొరకదు.

మొదటి చోటు గురించి గట్టిగా చెప్పాలి. కారుతో వచ్చే జాకీ రోడ్డు మీద స్టెప్నీ మార్చుకోవడానికి ఇచ్చింది. దాని మీద లేపిన బండి కింద చెయ్యిగాని తలగాని పెట్టకూడదు. బండి సమతలంగా, గట్టినేల మీద ఉండాలి. కోట లోపలి మట్టి వాకిళ్లలో, అందులోనూ వాన పడ్డాక, జాకీ ఒక పక్కకు దిగబడుతుంది. కింద మందపాటి చెక్క పలక వేయాలి, లేదా గచ్చు ఉన్న చోటికి బండిని తీసుకుపోవాలి. హ్యాండ్ బ్రేకు వేసి, గేరులో ఉంచి, వెనక చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టాలి. చక్రం నట్లను బండి నేల మీద ఉండగానే కొద్దిగా వదులు చేయాలి. లేపాక జాకీ స్టాండు పెట్టి, బరువును దాని మీదికి దించాలి. విప్పిన చక్రాన్ని బండి అంచు కిందికి తోసి ఉంచితే రెండో కాపలాగా ఉంటుంది. అంతేగాని స్టాండు బదులు చక్రం ఉందిలే అనుకోవద్దు. స్టాండు కొననివాళ్లు, అరువుగానైనా తెచ్చుకోనివాళ్లు ఈ పని మొదలుపెట్టవద్దు. ఇందులో బేరం లేదు.

ఆ తర్వాత పని వరసగా సాగిపోతుంది. స్టీరింగ్‌ను పక్కకు తిప్పితే కాలిపర్ చేతికందుతుంది. చాలా కార్లలో కింది బోల్టు విప్పి కాలిపర్‌ను పైకి మడిచితే సరిపోతుంది. పూర్తిగా తీయాల్సి వస్తే దాన్ని తీగతో స్ప్రింగుకు కట్టాలి, రబ్బరు గొట్టం మీద వేలాడనివ్వకూడదు. పాత ప్యాడ్లను బయటికి తీశాక వెంటనే కొత్తవి పెట్టేయకండి. తీసిన రెండు ముక్కలనూ నేల మీద పరచండి, రెండో చక్రం విప్పినప్పుడు దాని ముక్కలను వీటి పక్కన పెట్టండి. ఈ పనికి అసలు విలువ ఇక్కడే ఉందని నేననుకుంటాను. లోపలివి ఎక్కువ అరిగి, బయటివి తక్కువ అరిగితే పిన్నులు బిగుసుకున్నాయన్నమాట, పిస్టన్ సరిగా వెనక్కి జరగకపోయినా అలాగే అవుతుంది. కుడి చక్రం రెండూ అరిగి ఎడమవి బాగుంటే ఒక వైపు పిస్టన్‌లోనో గొట్టంలోనో లోపముంది. ప్యాడు ఒక కొస నుంచి ఇంకో కొసకు ఏటవాలుగా అరిగినా కాలిపర్ కదలిక మీద అనుమానించాలి. షెడ్డులో ఈ పాత ముక్కలు మనం చూసేలోగానే తుక్కు డబ్బాలో పడిపోతాయి. లోపం అలాగే ఉండగా కొత్త ప్యాడ్లు వేస్తే కొన్ని నెలల్లో అవీ అదే తీరున అరుగుతాయి. ప్యాడ్లు ఎప్పుడూ రెండు చక్రాలకూ కలిపి మార్చాలి. ఒక్క వైపే మారిస్తే బ్రేకు పడినప్పుడు బండి పక్కకు లాగుతుంది. ఒకసారి ఒక వైపే విప్పండి, బిగించేటప్పుడు సందేహం వస్తే రెండోది చూసి సరిచేసుకోవచ్చు.

పిన్నులను లాగి, తుడిచి, బ్రేకుల కోసమే చేసిన గ్రీజు రాయాలి. ఇంట్లో ఉన్న మామూలు గ్రీజు రాస్తే రబ్బరు తొడుగులు ఉబ్బి పాడవుతాయి. కొత్త ప్యాడు మందంగా ఉంటుంది కాబట్టి పిస్టన్‌ను వెనక్కి నెట్టాలి. పాత ప్యాడును అడ్డం పెట్టి సీ క్లాంపుతో మెల్లగా నొక్కితే వెళ్తుంది. అప్పుడు పైన డబ్బాలో నూనె పెరుగుతుంది. ముందే సిరంజితో కొంత తీసి పెట్టుకోకపోతే పొంగి పెయింటు మీద పడుతుంది, పడిన చోట పెయింటును తినేస్తుంది. ఆ నూనె గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 4 నూనె 230 డిగ్రీల దాకా మరగకూడదన్నది ప్రమాణం. తేమ చేరాక ఆ హద్దు 155 డిగ్రీలకు పడిపోతుంది. నూనె మరిగితే లైనులో ఆవిరి బుడగలు పుడతాయి, పెడల్ నేలకు ఆనుతుంది, బండి ఆగదు. సాధారణంగా రెండేళ్లకోసారి దాన్ని మార్పించాలంటారు. మేడారం జాతర రెండేళ్లకోసారి వస్తుంది కదా, ఆ ప్రయాణానికి ముందు నూనె మార్పించడం అలవాటు చేసుకుంటే లెక్క తప్పదు. ఈ పని మాత్రం ఇంట్లో వద్దు, మేస్త్రీకే ఇవ్వండి.

చివరి ప్రమాదం అన్నిటికన్నా మోసకారి. పిస్టన్ వెనక్కి పోయి ఉంది కాబట్టి పని అయ్యాక మొదటిసారి పెడల్ తొక్కితే అది కిందిదాకా దిగిపోతుంది, బ్రేకు పడదు. బండి కదిలించక ముందే, ఇంజిన్ ఆపి ఉండగానే, పెడల్ గట్టిపడేదాకా మెల్లమెల్లగా తొక్కాలి. ఇది మరిచిపోయి రివర్స్ గేరు వేసినవాడికి వాకిలి దాటేలోగా బ్రేకు ఉండదు. పెడల్ గట్టిపడ్డాక నూనె మట్టం చూడాలి. బండిని నేలకు దించి నట్లను ఎదురెదురుగా బిగించాలి. ఎంత బలంతో బిగించాలో మాన్యువల్ చెబుతుంది. చిన్న కార్లలో అది 100 న్యూటన్ మీటర్లకు అటూఇటూగా ఉంటుంది. ఆ తర్వాత ఖాళీ రోడ్డు మీద 50 కిలోమీటర్ల వేగం నుంచి మెల్లగా తగ్గించడం, మధ్యలో చల్లారనివ్వడం, ఇలా ఓ పదిసార్లు చేస్తే ప్యాడు డిస్కుకు కుదురుకుంటుంది. మొదటి కొన్ని రోజులు బ్రేకు కొంచెం ఆలస్యంగా పడుతుందనుకుని దూరం పాటించాలి.

ఇలా అందరూ ఇంట్లోనే చేసుకుంటే మెకానిక్కుల బతుకేమిటని ఒక ప్రశ్న వస్తుంది. న్యాయమైన ప్రశ్న. అయితే విప్పి చూసినవాడే లోపాన్ని తొందరగా పట్టుకుని షెడ్డుకు తీసుకుపోతాడు. బిగుసుకున్న పిస్టన్, పగిలిన గొట్టం, వెనక డ్రమ్ములు, నూనె మార్పిడి ఇవన్నీ మేస్త్రీ పనులే, మంచి కూలి వచ్చే పనులే. చూడనివాడు ఏదీ చేయించడు, ఒక రోజు గోడకు గుద్దుకుని ఆగుతాడు. పైగా మొదటిసారి ఈ పని నేర్చుకోవడానికి అందరికన్నా మంచి గురువు మేస్త్రీయే. ఇంటికి పిలిచి, పూర్తి కూలి ఇచ్చి, పక్కన నిలబడి ఒక చక్రం ఆయన చేస్తుంటే చూసి, రెండోది ఆయన చూస్తుండగా మీరు చేయండి. ఇంట్లో ఆడపిల్లలు బండి నడుపుతుంటే వాళ్లనూ పక్కన నిలబెట్టండి. బండి నడిపేవాళ్లందరికీ తెలియాల్సిన పని ఇది.

ఆ మేస్త్రీ ఆరోగ్యం గురించి కూడా ఒక మాట. చక్రం విప్పగానే గాలి పైపుతో దుమ్ము ఊదడం షెడ్లలో మామూలు దృశ్యం. బ్రేకు పదార్థాల్లో ఆస్బెస్టాస్ దశాబ్దాల తరబడి వాడారు. అది పీల్చితే క్యాన్సర్ వస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ తేల్చి చెప్పింది. మీరు కొన్న ప్యాడులో అది ఉందో లేదో చూపుతో చెప్పలేం. ఇంట్లోనైనా షెడ్డులోనైనా ఊదకండి, ఊదనివ్వకండి. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో కట్టి పారేయండి. మాస్కు పెట్టుకోండి. డూప్లికేట్ ప్యాడ్ల భయమూ ఉత్తది కాదు. కంపెనీ వాటినిగాని పేరున్న తయారీదారు వాటినిగాని బిల్లుతో కొని, పెట్టేముందు పాతదాని పక్కన పెట్టి ఇనుప పలక ఆకారం, చెవులు, రేకు ముక్క పోల్చి చూడండి. ఎక్కడ తేడా ఉన్నా తిరిగి ఇచ్చేయండి. ఏబీఎస్ ఉన్న కారైతే చేయకూడదనుకునేవారూ ఉన్నారు. 2019 నుంచి కొత్త కార్లన్నిటికీ అది తప్పనిసరి. దానివల్ల ముందు ప్యాడ్ల పని మారదు. చక్రం దగ్గరికి వచ్చే సన్నటి సెన్సార్ తీగను లాగకుండా ఉంటే చాలు. వారంటీలో ఉన్న కారును మాత్రం కంపెనీ సర్వీసుకే ఇవ్వండి. పాత ప్యాడ్లు చూపించమని అడిగే హక్కు అక్కడ కూడా మీకుంది.

ఎక్కడ ఆగాలో తెలియడం కూడా పనిలో భాగమే. పిస్టన్ క్లాంపుకు లొంగకపోతే, దాని చుట్టూ రబ్బరు చిరిగి నూనె తడి కనిపిస్తే, గొట్టం మీద పగుళ్లుంటే, డిస్కు మీద వేలికి తగిలే లోతైన గాట్లుంటే, దాని అంచున ముద్రించిన కనిష్ఠ మందం కన్నా డిస్కు పలచబడి ఉంటే, బోల్టు మర చెడిపోతే పని అక్కడే ఆపేయాలి. మొత్తం బిగించాక ఎంత తొక్కినా పెడల్ మెత్తగానే ఉంటే ఆ బండి నడపకండి, మేస్త్రీనే ఇంటికి పిలవండి. అంతా సవ్యంగా కుదిరితే, ఓ 50 కిలోమీటర్లు తిరిగాక నట్ల బిగువు మరోసారి చూడండి. మాన్యువల్ చివరి పేజీలో తేదీ, మీటరు రీడింగు, నాలుగు పాత ప్యాడ్ల మందం రాసిపెట్టండి. వచ్చే వానాకాలం వెళ్లాక మళ్లీ చక్రం విప్పినప్పుడు ఆ అంకెలను పక్కన పెట్టుకుని చూస్తే మీ దారుల్లో ప్యాడు ఎంత తొందరగా అరుగుతోందో తెలుస్తుంది.